పెట్టె ఏ నెలలో తెరవాలి? మలావీలో ఒక పొదుపు సంఘం కథ

ఈ కేసు దక్షిణ మలావీలో, ఫలోంబే జిల్లాలోని ఒక పల్లె పొదుపు సంఘానిది. 2023 మే నెల నుంచి ఆ సంఘంతోనూ చుట్టుపక్కల మరికొన్ని సంఘాలతోనూ వలంటీర్‌గా పనిచేశాను. అంతకు ముందు చాలా ఏళ్లు అనంతపురం జిల్లాలో డ్వాక్రా సంఘాలతో పని. నన్ను పంపిన సంస్థ ఆ అనుభవం చూసే తీసుకుంది. చేతికిచ్చిన పని కూడా దానికి తగ్గట్టే ఉంది: ఏటా డబ్బు పంచుకుని మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టే మలావీ సంఘాలను ఆంధ్ర తరహాలో ఏళ్ల తరబడి సాగే సంఘాలుగా మార్చాలి, తర్వాత బ్యాంకు లింకేజీ, అంటే సంఘానికి బ్యాంకు అప్పు వచ్చే ఏర్పాటు, చేయించాలి.

ఆ మార్పు అక్కడ అవసరం లేదని నా అభిప్రాయం. సంఘం పెట్టెను ఏడాదికోసారి ఖాళీ చేయడంలో ఇబ్బందేమీ లేదు, ఇబ్బందంతా ఖాళీ చేసే నెలలో ఉంది. అది ఎలా తేలింది, నెల మార్చితే ఏమైంది, ఏం కాలేదు అన్నది ఇక్కడ రాస్తున్నాను. విదేశాల్లో ఇలాంటి పనికి వెళ్లాలనుకునే మన సంఘాల కార్యకర్తలకు పనికొస్తుందని నా ఆశ.

పెట్టె, మూడు తాళాలు

మలావీలో వీటిని బ్యాంక్ ఖోండే అంటారు, అంటే వరండా బ్యాంకు. పద్ధతి పుట్టింది మాత్రం నైజర్ దేశంలో, 1991లో కేర్ సంస్థ చేసిన పనితో. తర్వాత ఆఫ్రికా అంతా పాకింది. పాతిక మంది లోపు సభ్యులు వారానికోసారి కూర్చుంటారు. ఇనుప పెట్టెకు మూడు తాళాలు ఉంటాయి, తాళంచెవులు ముగ్గురు వేర్వేరు ఆడవాళ్ల దగ్గర, పెట్టె నాలుగో ఆమె ఇంట్లో. నలుగురూ కలిస్తేగానీ పెట్టె తెరుచుకోదు.

మన సంఘాల్లో అందరూ ఒకే మొత్తం పొదుపు చేస్తారు. అక్కడ షేర్లు కొంటారు, మీటింగుకు ఒకటి నుంచి ఐదు దాకా. ఒక్కో షేర్‌కు పాస్‌బుక్కులో ఒక స్టాంపు పడుతుంది. లెక్క సులువుగా ఉండడానికి షేర్ 500 క్వాచా (మలావీ కరెన్సీ) అనుకుందాం. ఒకామె వారానికి 2,500 వేస్తుంది, పక్కనే కూర్చున్నామె 500 వేస్తుంది. తమ పొదుపుకు మూడు రెట్ల దాకా అప్పు తీసుకోవచ్చు, సాధారణంగా మూడు నెలల్లో తీర్చాలి. వడ్డీ నెలకు పది శాతం, కొన్ని చోట్ల అంతకంటే ఎక్కువ. ఏడాది చివర అప్పులన్నీ వసూలు చేసి, ఉన్న డబ్బును మొత్తం షేర్లతో భాగిస్తారు. పెట్టెలో 12 లక్షలు, షేర్లు 1,600 అయితే షేర్‌కు 750. ఎవరి స్టాంపులు లెక్కబెట్టుకుని వాళ్లు పట్టుకెళ్తారు.

చదువు లేని సభ్యులు ఎక్కువ కాబట్టి, మీటింగు చివర పెట్టెలో ఎంత ఉందో గట్టిగా చెప్పి అందరిచేతా అనిపిస్తారు. మరుసటి వారం పెట్టె తెరవక ముందు ఆ అంకె అడుగుతారు. తప్పు చెప్పిన వాళ్లను పక్కవాళ్లు సరిదిద్దుతారు. ఇది చూశాక మన దగ్గర సంఘాల లెక్కలు రాసే యానిమేటర్ చేతిలో ఇరుక్కుపోయిన పుస్తకాలు గుర్తొచ్చి నాకు బాధనిపించింది. అనంతపురంలో సంఘం బ్యాలెన్స్ ఎంతో అడిగితే యానిమేటర్ వైపు చూసే సభ్యురాళ్లను ఎంతమందినో చూశాను. ఫలోంబేలో మాత్రం పెట్టెలోని అంకె నోటికి రాని సభ్యురాలు అరుదు.

పెద్ద పెట్టె పక్కన చిన్న డబ్బా ఒకటి ఉంటుంది, అది సామాజిక నిధి. జబ్బుకు, చావుకు దానిలోంచి ఇస్తారు. ఈ డబ్బా సంగతి తర్వాత వస్తుంది.

కంది కొనడానికి వచ్చిందనుకున్నారు

ఊళ్లో పని మొదలుపెట్టాలంటే పై నుంచి వరసగా అనుమతులు కావాలి: జిల్లా కౌన్సిల్, ఆ ప్రాంతపు సాంప్రదాయ పెద్ద, కొన్ని ఊళ్లకు కలిపి ఉండే పెద్ద, చివరికి ఊరి పెద్ద. ఈ పెద్దల్లో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్క మెట్టు దాటేసినా పై మెట్టువాళ్లు ఏమీ అనరు, కానీ పని సాగదు. ఈ మర్యాదలకు పట్టే రోజులను వృథాగా లెక్కేసే వలంటీర్లను చూశాను. పని అక్కడే మొదలవుతుందని నేను నమ్ముతాను. మా ఊరి పెద్ద ఇంటి ముందు చాప మీద కూర్చున్నప్పుడే ఏ కుటుంబాలు తుపాను తర్వాత ఇంకా బడి గదుల్లో ఉంటున్నాయో, ఏ పొలాల మీద ఇసుక మేట వేసిందో తెలిసింది. 2023 మార్చిలో వచ్చిన ఫ్రెడ్డీ తుపానుకు మలావీలో వెయ్యిమందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. ఫలోంబే బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి.

ఇక నేను భారతీయురాలినని తెలియగానే ఎదురైన ప్రశ్న ఒక్కటే: ఈసారి నాందోలో ధర ఎంతిస్తావు? నాందోలో అంటే కంది. మలావీ దక్షిణ జిల్లాల్లో మొక్కజొన్నలో అంతర పంటగా వేస్తారు, మన దగ్గర వేరుశనగలో వేసినట్టే. భారతీయులను అక్కడ అమ్వేన్యే అంటారు. పల్లెవాళ్లకు తెలిసిన అమ్వేన్యే లింబే, బ్లాంటైర్ పట్టణాల్లో దుకాణాలు, పప్పు మిల్లులు నడిపే కుటుంబాలవాళ్లే, ఎక్కువగా గుజరాతీ మూలాలు ఉన్నవాళ్లు. వాళ్ల ఏజెంట్లు కంది కొనడానికి ఊళ్లకు వస్తారు. కాబట్టి నన్ను వ్యాపారిగా అనుకోవడం సహజం.

ఆ ప్రశ్నను పక్కకు తోసేయకుండా దాని గురించే మాట్లాడాను. 2017లో ఇండియా కంది దిగుమతి మీద పరిమితి పెట్టినప్పుడు అక్కడ ధర కుప్పకూలింది. ఆ ఏడు ఇంట్లో మూటలు పడి ఉండడం ఆడవాళ్లందరికీ గుర్తుంది, కారణం మాత్రం ఎవరూ చెప్పలేదు. 2021లో రెండు దేశాలకూ ఒప్పందం కుదిరి, ఏటా 50,000 టన్నుల మలావీ కందిని అయిదేళ్ల పాటు దిగుమతి చేసుకుంటామని ఇండియా మాటిచ్చింది. ఇది కూడా వాళ్లకు తెలియదు. మా ఇళ్లలో రోజూ పప్పు వండుతామని, పప్పు లేని భోజనం భోజనంలా ఉండదని చెబితే ఆశ్చర్యంగా విన్నారు. వాళ్లు కందిని గింజగానే ఉడకబెట్టి తింటారు, పచ్చికాయలైతే ఉప్పు వేసి ఉడికిస్తారు. ఒకరోజు గింజలు విసిరి, చెరిగి, పప్పు చేసి చూపించాను. తాలింపు వాసనకు చాలామంది చేరారు. ఆ తర్వాత నేను వ్యాపారిని కానని వేరే చెప్పాల్సిన అవసరం రాలేదు.

తిండి గురించి అడుగుతారు కాబట్టి చెప్తాను. న్సిమా మొక్కజొన్న పిండితో చేసే ముద్ద, రాగి సంకటి తిని పెరిగినవాళ్లకు అలవాటు కావడానికి ఎంతోసేపు పట్టదు. గుమ్మడాకు కూరలో వేరుశనగ పొడి వేసి వండుతారు, చాలా రుచి. కారం తక్కువ, అంతే. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆగ్నేయపు గాలితో వచ్చే చిపెరోనీ అనే చలి తుంపరే నాకు కష్టమైంది.

చావు జరిగిన రోజు ఊళ్లో ఏ మీటింగూ ఉండదు. ఆడవాళ్లు చితెంజే కట్టుకుని, పిండి గానీ కట్టెలు గానీ పట్టుకుని ఆ ఇంటికి వెళ్తారు, రాత్రంతా అక్కడే ఉంటారు. నేనూ వెళ్లేదాన్ని. షెడ్యూలు ఎన్నిసార్లు వెనక్కి పోయినా సరే, చావుకు రాని మనిషి మాటకు ఊళ్లో విలువ ఉండదు. దాని వల్ల ఇంకో లాభం కలిగింది. ఎవరు ఎవరికి ఏమవుతారో ఆ ఇళ్ల దగ్గరే అర్థమైంది. ఆ ప్రాంతపు లోంవే కుటుంబాల్లో భూమి తల్లి నుంచి కూతుళ్లకు వస్తుంది, మొగుడు పెళ్లాం ఊరికి వస్తాడు. మన ఇల్లరికం అక్కడ మామూలు పద్ధతి. ఇంట్లో తీసుకునే పెద్ద నిర్ణయాల్లో మేనమామ మాటకు బలం ఎక్కువ. కాబట్టి పంచుకున్న డబ్బు మీద కన్నేసేది మొగుడొక్కడే అనుకుంటే పొరపాటు, తమ్ముళ్లు, మేనమామలు కూడా వరసలో ఉంటారు.

నేల మీద గీసిన సంవత్సరం

జూలైలో సంఘం సభ్యులంతా కూర్చుని నేల మీద పన్నెండు గళ్లు గీశారు. ఒక్కో గడిలో చేతికి వచ్చే డబ్బుకు కంది గింజలు, ఖర్చుకు గులకరాళ్లు, ఇంట్లో తిండికి మొక్కజొన్న గింజలు. మన దగ్గర ముగ్గుపిండితో చేసే పనే.

మొక్కజొన్న కోత ఏప్రిల్, మే. కంది అమ్మకం జూలై నుంచి సెప్టెంబర్ దాకా. నవంబర్‌లో వానలు మొదలు, విత్తనాలు. డిసెంబర్ నుంచి మార్చి దాకా గళ్లలో మొక్కజొన్న గింజలు లేవు, అవే ఆకలి నెలలు. ఆ నెలల్లో తిండి కోసం గాన్యుకు వెళ్తారు. గాన్యు అంటే ఇంకొకరి పొలంలో కూలి, ఒక్కోసారి డబ్బుకు, ఒక్కోసారి పిండికి. సొంత పొలంలో కలుపు తీయాల్సిన వారాల్లోనే ఇంకొకరి పొలంలో కలుపు తీస్తారు. సొంత పంట తగ్గుతుంది, మరుసటి ఏడు ఆకలి ఇంకాస్త ముందే వస్తుంది.

సంఘం పంపకం క్రిస్మస్ ముందు, డిసెంబర్ మధ్యలో. పిల్లలకు బట్టలు, ఇంటికి పిండి కొనడానికి అదే మంచి సమయమని చాలా సంఘాలు అలాగే పెట్టుకున్నాయి. అయితే డిసెంబర్‌లో పంచాలంటే అప్పులన్నీ నవంబర్ చివరికి తిరిగి రావాలి. నేల మీద నవంబర్ గడిలో రాళ్లు తప్ప గింజల్లేవు. అప్పు తీర్చడానికి కూడా గాన్యుకే వెళ్తున్నారని ఒకామె అన్నప్పుడు మిగతావాళ్లు తలలూపారు. పైగా ఎరువు మొదటి వానకు ముందే ఇంట్లో ఉండాలి. ప్రభుత్వ సబ్సిడీ ఎరువు అందరికీ రాదు, వచ్చినవాళ్లకూ ఆలస్యంగా వస్తుంది. ఏడాదంతా దాచిన డబ్బు ఎరువు కొనే రోజులు దాటిపోయాక చేతికి వస్తోంది. ఎక్కువగా అప్పులు తీసుకునేది పేద సభ్యులు, వాళ్లు కట్టే వడ్డీ షేర్లు ఎక్కువ ఉన్నవాళ్లకు పోతుంది. నవంబర్ గాన్యు డబ్బు చివరికి ఎవరి చేతికి వెళ్తోందో ఆ గీతల్లో అందరికీ కనిపించింది.

లింకేజీ ఎందుకు వద్దన్నాను

ఇక్కడ ఆంధ్ర నమూనా సంగతి సూటిగా చెప్పాలి. మన సంఘాలు పొదుపు పంచుకోకుండా నిలబడగలగడానికి వెనక చాలా ఉంది. 1992లో నాబార్డు మొదలుపెట్టిన లింకేజీ, పల్లెలకు దగ్గర్లో బ్యాంకు బ్రాంచీలు, 2000 నుంచి సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ), గ్రామ సమాఖ్యలు, మండల సమాఖ్యలు, వడ్డీ రాయితీ. ఇవన్నీ ఉన్నా 2010లో మైక్రోఫైనాన్స్ అప్పులు ఎంత కీడు చేశాయో మనం చూశాం.

ఫలోంబేలో బ్యాంకు పని అంటే బోమాకు, అంటే జిల్లా కేంద్రానికి, పోవాలి. రాయితీ లేదు. వీటన్నిటికంటే ముఖ్యం, డబ్బు విలువ నిలవదు. 2022 మేలో క్వాచాను 25 శాతం తగ్గించారు. అలాంటి చోట ఏళ్ల తరబడి పొదుపును డబ్బు రూపంలో ఉంచమనడం ఆ ఆడవాళ్లకు నష్టం చేయడమే. ఏటా పంచుకుని ఎరువుగానో మేకగానో రేకులుగానో మార్చుకోవడం వాళ్ల తెలివి. ఈ మాటే కారణాలతో సహా రాసి ఆఫీసుకు పంపాను. కొంత వాదన జరిగింది. చివరికి లింకేజీని పక్కనపెట్టి పంపకం నెల మీద పనిచేయడానికి ఒప్పుకున్నారు.

అక్టోబర్‌లో పంచుకుంటే

కొత్త లెక్క ఇది: ఆగస్టు చివర కొత్త అప్పులు ఆపేయాలి, కంది అమ్మిన డబ్బుతో అక్టోబర్ మధ్యకల్లా పాతవి తీర్చాలి, నెలాఖరుకు పంచుకోవాలి. నోటికి తేలిగ్గానే వచ్చింది, ఒప్పుకోవడం మాత్రం తేలిక కాలేదు.

ముసలివాళ్లు ముందు అడ్డుచెప్పారు. డిసెంబర్‌లో చేతిలో ఏమీ లేకపోతే జనవరిలో ఏం తింటామన్నారు. సెకండరీ స్కూలు పిల్లలున్న తల్లులకు జనవరి ఫీజు టెన్షన్. అక్టోబర్‌లో డబ్బు వస్తే క్రిస్మస్ దాకా చుట్టాలు ఉంచనివ్వరని ఇంకొందరి భయం. మూడూ నిజమే.

మొదటి రెండింటికి జవాబు సంఘం నుంచే వచ్చింది. సామాజిక నిధి డబ్బాను అక్టోబర్‌లో పంచకుండా ఆపి, దానికి ప్రతి ఒక్కరూ పంపకం డబ్బులోంచి కొంత కలపాలి. జనవరి, ఫిబ్రవరుల్లో దానిలోంచి పిండికి, ఫీజుకు వడ్డీ లేకుండా చిన్న చేబదుళ్లు ఇవ్వాలి, కోత తర్వాత తీర్చాలి. చుట్టాల భయానికి పెట్టె తాళంచెవి ఉన్నామె ఒకరు దారి చెప్పింది: పంచుకున్న మర్నాడు పొద్దున్నే అందరూ కలిసి వెళ్లి ఎరువు కొనేయాలి. ఎరువు మూటను ఎవరూ అప్పడగరు. క్రిస్మస్ బట్టల విషయం తేలలేదు. దాని కోసమే ఇద్దరు ముగ్గురు సభ్యులు డిసెంబర్‌లో పంచే వేరే సంఘానికి మారిపోయారు, వాళ్లను నేను తప్పుపట్టను.

ఆ ఏడాది ఇండియాలో కందిపప్పు ధర బాగా పెరిగింది. వరద ముంచని మెరక పొలాల్లో కంది మిగిలినవాళ్లకు అది కలిసొచ్చి, అప్పులు సమయానికి తిరిగొచ్చాయి. పల్లంలో పొలాలున్న కొందరికి గడువు పెంచాల్సి వచ్చింది. అక్టోబర్ చివరి వారంలో పంచుకున్నారు, మర్నాడు కాంప్లెక్సు, యూరియా మూటలు ఒక అద్దె లారీలో ఊరికి వచ్చాయి.

నవంబర్ 9న మలావీ క్వాచా విలువను మళ్లీ తగ్గించారు. డాలర్‌కు సుమారు 1,180 ఉన్నది 1,700 అయింది, అంటే డాలర్ 44 శాతం ప్రియమైంది. ఎరువు దిగుమతి సరుకు కాబట్టి ధర వెంటనే ఎగబాకింది. డిసెంబర్‌లో పంచుకున్న సంఘాలవాళ్లకు అంతే కష్టపడి దాచిన డబ్బుకు తక్కువ ఎరువు వచ్చింది, కొందరికి అసలు రాలేదు. మా సంఘం బయటపడింది. దీన్ని మా ముందుచూపుగా చెప్పుకోవడం సరికాదు. తేదీ అలా కలిసొచ్చింది. అయితే డబ్బును తొందరగా సరుకుగా మార్చుకోవాలన్న ఆడవాళ్ల మాటకు అంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు.

అక్కడితో ఆగితే విజయగాథలా ఉంటుంది. 2024 మొదట్లో ఎల్ నినో వల్ల వానలు మొహం చాటేశాయి. మార్చిలో దేశంలోని 28 జిల్లాల్లో 23 జిల్లాలను విపత్తు ప్రాంతాలుగా ప్రకటించారు. ఎరువు వేసిన మొక్కజొన్న గింజ పోసుకునే వేళకు ఎండింది. ఎరువు లేని పొలాల కంటే కాస్త నయం, అంతే. అంత డబ్బు మట్టిలో పోసిన దుఃఖం ఆ ఇళ్లలో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. వేరు లోతుకు పోయే కంది మాత్రం చాలావరకు నిలబడింది.

ఆ నెలల్లో చిన్న డబ్బాయే ఎక్కువగా ఆదుకుంది. చేబదుళ్లు చిన్నవే, పది పదిహేను రోజుల పిండికి సరిపోయేవి. కలుపు తీసే వారాల్లో కొందరైనా గాన్యుకు పోకుండా సొంత పొలంలో ఉండగలిగారు. కోత సరిగా లేక కొన్ని చేబదుళ్లు కంది అమ్మేదాకా తిరిగి రాలేదు, సంఘం ఒత్తిడి చేయలేదు. 2024 అక్టోబర్ పంపకంలో చాలామంది ఎరువు తగ్గించి, త్వరగా కోతకొచ్చే మొక్కజొన్న విత్తనం, కంది విత్తనం కొన్నారు. ఆ నిర్ణయంలో నా ప్రమేయం లేదు, ఆరోజు మూల కూర్చుని విన్నాను.

మన దగ్గర నుంచి పనికొచ్చింది

ఒకటి బాగా పనికొచ్చింది: ఆడవాళ్లకు ఆడవాళ్లే నేర్పడం. మన సీఆర్పీలు, అంటే వేరే ఊళ్లకు వెళ్లి నేర్పే అనుభవమున్న సంఘ సభ్యురాళ్లు, బీహార్, ఉత్తరప్రదేశ్ దాకా వెళ్లి ఊళ్లలో ఉండి సంఘాలు కట్టిన తీరు చెప్పాను. మా సంఘం నుంచి ఇద్దరు పక్క ఊరికి వెళ్లి, అక్కడే తిని, అక్కడే పడుకుని, నేల మీద గళ్లు గీయించారు. నేను, దుబాసీ కలిసి చెప్పినదాని కంటే అది చాలా త్వరగా ఎక్కింది.

అలవెన్సుల గొడవ ఇక్కడే వచ్చింది. మలావీలో ట్రైనింగు అంటే హాజరైనవాళ్లకు రోజు డబ్బు ఇవ్వడం సంస్థలు ఏళ్లుగా చేసిన అలవాటు. నేర్పడానికి వెళ్లిన ఇద్దరికీ ఇవ్వాలన్నాను, పని మానుకుని వెళ్తారు కాబట్టి. కూర్చుని నేర్చుకునేవాళ్లకు వద్దన్నాను. కొన్ని ఊళ్లలో ఆ మాట మీదే మీటింగు ఆగిపోయింది. ఆగనిచ్చాం.

మిగిలిపోయిన పెద్ద సమస్య షేర్ వెల. మనవళ్లను సాకే ముసలమ్మలకు, తుపానులో ఇల్లు పోయినవాళ్లకు వారానికి ఒక్క షేర్ కూడా భారమే. వెల తగ్గిద్దామంటే పాత సభ్యులు ఒప్పుకోలేదు, చిన్న షేర్లతో తమ పొదుపు కుదించుకుపోతుందన్నారు. చివరికి 2024 నవంబర్‌లో చాలా తక్కువ షేర్ వెలతో రెండో సంఘం మొదలైంది, పాత సంఘం లెక్కలామె వారం వారం వచ్చి వాళ్లతో కూర్చునేది. వడ్డీ కూడా సగమే పెట్టుకున్నారు. ఆ సంఘం మొదటి పంపకం 2025 అక్టోబర్‌కు పెట్టుకున్నారు. నా తర్వాత ఆ ఊరికి వెళ్లే వలంటీర్‌కు రాసిచ్చిన కాగితంలో మొదటి పని అదే: ఆ రోజు ఎవరి చేతికి ఎంత వచ్చిందో కాక, ఏడాదిలో ఎంతమంది మధ్యలో మానేశారో, ఏ నెలలో మానేశారో అడగాలి.